సమాజమందిరపు తాళపుచెవి



హైదరాబాదు వెళ్లివచ్చిన వారికి నాంపల్లి స్టేషను తెలియును. 1907లో నిజాముల కాలమున కట్టబడిన ఆ స్టేషనులో దిగి, సంచి భుజమున వేసికొని నడచినయెడల కొద్దిసేపటిలోనే అబిడ్సు చేరవచ్చును. ఆదివారమున అక్కడి పెద్ద దుకాణములలో అనేకము మూసియుండును. ఆ మూసిన తలుపుల యెదుట కాలిబాట పొడవున పట్టాలు పరచి పాత పుస్తకములు అమ్ముదురు. చదువుకొను పిల్లలు, పంతుళ్లు, ముసలివారు వంగి వంగి వెదకుచుందురు. నేనును ఒక ఆదివారము సెయింట్ జార్జి దేవాలయమునుండి బయటికి వచ్చి ఆ కాలిబాట మీద నడచుచుండగా, వంటల పుస్తకమునకును పరీక్షల గైడునకును నడుమ ఒక పుస్తకము కనబడెను. దాని పేరు ‘ది జ్యూస్ ఆఫ్ ఆంధ్ర ప్రదేశ్’, అనగా ఆంధ్రప్రదేశపు యూదులు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను ఇద్దరు పండితులు వ్రాయగా 2013లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము వారు అచ్చువేసిరి. అమ్మువాడు నాలుగువందలు చెప్పెను. నేను వెళ్లిపోవుచుండగా “రెండొందలకు తీస్కో పెద్దాయనా, ఇది ఎవరూ అడగరు” అనెను. అతడు సత్యమే చెప్పెను.

ఇచ్చట ఒక చిన్న సంగతి. అబిడ్సు అను పేరే ఒక యూదుని పేరని చెప్పుదురు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాను కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అను ఒక అర్మేనియా యూదుడుండెననియు, ఆయన పెట్టిన దుకాణము పేరే ఆ పేట కంతటికిని నిలిచెననియు నగరమున వాడుక. ఆ చుట్టుపట్ల మన దేవాలయములున్నవి, మసీదులున్నవి, గుడులున్నవి, నాంపల్లిలో యూసుఫైన్ దర్గా యున్నది. యూదుల సమాజమందిరము మాత్రము లేదు. పేరు మిగిలినది గాని ప్రార్థించుటకు మనుష్యులు కూడలేదు. తెలుగు మాటలాడు యూదుల సమాజమందిరము చూడవలెనన్న, గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గరనున్న కొత్తరెడ్డిపాలెమునకు పోవలెను. ఈ పుస్తకము వారిని గూర్చినదే.

మీలో ఆ ప్రాంతమువారు వారిని ఎరిగియుందురు. వారు తమను బెనె ఎఫ్రాయిము, అనగా ఎఫ్రాయిము సంతతి, అని పిలుచుకొందురు. పుట్టుకచేత మాదిగ కులస్థులు. వారిలో అనేకులు మనవంటి క్రైస్తవ సంఘములలో పెరిగినవారే. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అను అన్నదమ్ములు వారిని నడిపించిరి. అన్నగారు మొదట క్రైస్తవ ప్రసంగీకుడు. 1980వ దశకములో ఆయన యెరూషలేమును చూచి వచ్చెను. తరువాత 1990వ దశకపు ఆరంభమున కొత్తరెడ్డిపాలెములో సమాజమందిరము వెలసెను. ఈ పుస్తకము వెలువడిన నాళ్లలో వారు సుమారు 40 కుటుంబములు. ఎక్కువమంది కూలి చేసికొని బ్రదుకువారు. మచిలీపట్నములోను కొందరుండిరి.

మొదట ఆ గ్రంథకర్తలు చేసిన మేలు చెప్పవలెను. వీరు నిజమైన యూదులా, కారా అని తీర్పు చెప్పుటకు వారు కూర్చుండలేదు. రక్తము పరీక్షించుట, వంశావళి వెదకుట తమ పని కాదనుకొనిరి. కులమును గూర్చి దాచక వ్రాసిరి. ఊరి చివర పల్లెలో పుట్టినవాడు తన పూర్వికులు అష్షూరీయుల చేత చెరపట్టబడిన ఎఫ్రాయిము గోత్రమువారని చెప్పునప్పుడు, అతడు దేవుని గూర్చి ఎంత చెప్పుచున్నాడో, తనను ముట్టరానివాడని చూచిన ఊరిని గూర్చియు అంతే చెప్పుచున్నాడు. ఈ రెంటిని విడదీయరాదని ఆ గ్రంథకర్తలు గ్రహించిరి. వీరందరు పై దేశమునకు పోవుటకే వేషము వేసిరని పత్రికలవారు తేలికగా వ్రాసిన వ్రాతలకంటె ఇది ఎంతయో మేలైనది.

అయితే నేను ఆ పుస్తకములో వెదకినది వేరొకటి. జీతగాడైన గురువు లేని ఆ చిన్న సమాజములో శుక్రవారము సాయంకాలము తలుపు ఎవరు తీయుదురు? దీపము ఎవరు వెలిగింతురు? ఎవరు చదువుదురు, తప్పు చదివిన ఎవరు దిద్దుదురు? కానుక ఎవరి చేతిలో నుండును? గ్రంథకర్తల చూపు కులము మీదను, గుర్తింపు మీదను, ఇశ్రాయేలు దేశపు ప్రయాణము మీదను నిలిచియున్నది. అవి పెద్ద విషయములే, నేను కాదనను. కాని ఒక సమాజము బ్రదుకుట గాని చచ్చుట గాని ఈ చిన్న పనులలోనే జరుగునని పల్లె సంఘములలో ముసలివాడనైన నాకు తోచుచున్నది. వాటిని గూర్చి ఇంకను విస్తారముగా వ్రాసియుండిన బాగుండెడిది.

ఇది మీకు విశదముగా తెలియుటకై యూదుల సమాజమందిరము నడచు విధము కొంత చెప్పెదను. మనలో చాలమంది యూదుల రబ్బీ అనగా మన అయ్యగారివంటివాడని తలంచుచున్నారు. అట్లు కాదు. రబ్బీ బోధకుడు, ధర్మశాస్త్రమును విప్పిచెప్పి తీర్పు చెప్పువాడు. ఆయన లేకయే ఆరాధన సంపూర్ణముగా జరుగును. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయము పడగొట్టబడిన తరువాత బలి అర్పించు పని నిలిచిపోయెను. యాజక వంశమువారికి మిగిలినవి కొద్దిపాటి మర్యాదలు మాత్రమే: చదువునకు మొదట పిలువబడుట, ప్రజలను దీవించుట, మరికొన్ని. సమాజ ప్రార్థనకు కావలసినది పదిమంది. పురాతన పద్ధతిలో పదిమంది పురుషులు; 1973 తరువాత అమెరికాలోని కొన్ని సమాజములలో స్త్రీలను కూడ లెక్కించుచున్నారు. (మన ఊళ్లలో ఆదివారపు కూటములో ఎవరెక్కువ వత్తురో తెలిసినవారు దీనికి ఆశ్చర్యపడరు.) తొమ్మండుగురు మహాపండితులు వచ్చినను కొన్ని ప్రార్థనలు చెప్పరాదు, పదిమంది చెప్పులు కుట్టువారు వచ్చిన చెప్పవచ్చును.

ఆ పదిమందిలో ఒకడు నిలిచి ప్రార్థన నడుపును. వానిని షలియహ్ సిబ్బూర్ అందురు, అనగా సమాజము పంపిన దూత. విశ్రాంతిదినపు ఉదయమున ధర్మశాస్త్రము చదువుటకు ఏడుగురిని ఒకరి తరువాత ఒకరిని పిలుతురు. ఎవరిని పిలువవలెనో చూచువాడు గబ్బాయి. ఆ మాటకు మొదటి అర్థము వసూలు చేయువాడని. బీదలకొరకు ధర్మము పోగుచేయుట అతని పని. ధర్మశాస్త్రపు చుట్టలో అచ్చుల గుర్తులుండవు. మన తెలుగులో తలకట్టు, గుడి, కొమ్ము ఏదియు లేకుండ ఉత్త హల్లులు వ్రాసిన పుటను ఊహించుకొనుడి. చదువువాడు ముందుగా ఇంట ఎన్నిమారులో వల్లెవేసికొని రావలెను. అతని యిరుప్రక్కల ఇద్దరు నిలిచి వినుచుందురు. అర్థము మారునట్లు తప్పు చదివినయెడల అక్కడనే ఆపి దిద్దుదురు. చదువువాడు ధనవంతుడు, దిద్దువాడు అతని యింట పనిచేయు గుమాస్తా అయినను సరే. పదుమూడేండ్లు నిండిన బాలుడు ఆ పదిమందిలో ఒకడుగా లెక్కింపబడును గనుక, వానికి ఆ అక్షరములు నేర్పుట తండ్రికిని సమాజమునకును తప్పని పని.

ఈ యేర్పాటును మీరు ఇంతకు మునుపే చూచియున్నారు, గుర్తుపట్టలేదంతే. లూకా నాలుగవ అధ్యాయములో మన ప్రభువు నజరేతు సమాజమందిరమున చదువుటకు లేచి నిలుచుటయు, గ్రంథమును పరిచారకునికి తిరిగి యిచ్చి కూర్చుండుటయు చదివియున్నారు గదా. ఆయన అక్కడ జీతపు బోధకుడు కాడు. ఊరి వడ్రంగి యింటివాడు. పిసిదియలోని అంతియొకయలో సమాజమందిరపు అధికారులు పరదేశులైన పౌలును బర్నబాను పిలిపించి, ప్రజలకు చెప్పవలసిన మాట యేదైన యున్న చెప్పుడని అడిగిరి. యాయీరు, క్రిస్పు అట్టి అధికారులే. అయితే అందరును వారివంటివారు కారు. పదునెనిమిది ఏండ్లు నడుము వంగిపోయిన స్త్రీ స్వస్థపడినప్పుడు సంతోషింపక, ప్రజలను గద్దించిన అధికారియు లూకా సువార్తలోనే యున్నాడు. మందిరము తనదే యనుకొనినవాని స్వరము అట్లే యుండును.

మరియొక సాక్ష్యము. 1913లో యెరూషలేములో త్రవ్వకములు చేయుచుండగా గ్రీకు అక్షరములు చెక్కిన ఒక రాయి దొరికెను. థెయొదొతు అనువాడు ధర్మశాస్త్రము చదువుటకును ఆజ్ఞలు నేర్పుటకును సమాజమందిరము కట్టించి, పరదేశులకు బస గదులును నీటి వసతియు ఏర్పరచెనని దానిమీద నున్నది. మంచి పనియే. కాని అతడు తన్ను గూర్చి చెక్కించుకొనినదేమనగా: తాను యాజకుడు, సమాజమందిరపు అధికారి, తన తండ్రి సమాజమందిరపు అధికారి, తన తాతయు సమాజమందిరపు అధికారి. చూచితిరా, ఎవరైనను నడుపదగిన ఆ పని యెరూషలేములోనే మూడు తరములు ఒకే యింట నిలిచిపోయెను!

మన దేశపు యూదుల చరిత్రలోను ఈ రెండు సంగతులు ప్రక్కప్రక్కనే కనబడును. కొంకణ తీరమున బెనె ఇశ్రాయేలీయులు ఎన్నో తరములు హెబ్రీ గ్రంథములు లేక, గురువులు లేక, గానుగ త్రిప్పి నూనె అమ్ముకొని బ్రదికిరి. శనివారము గానుగ ఆపుదురు గనుక ఊరివారు వారిని శనివార తేలీలనిరి. అనగా శనివారపు గాండ్లవారు. వారి పారంపర్య కథ ప్రకారము దావీదు రహాబి అనువాడు వచ్చి వారిలో ముగ్గురికి ధర్మశాస్త్రము నేర్పి నాయకులుగా నియమించెను. ఆ ముగ్గురి యిండ్లలోనే ఆ పని వంశపారంపర్యముగా సాగెను. తరువాత 1796లో బొంబాయిలో వారి మొదటి సమాజమందిరము కట్టించినవాడు శామ్యూల్ ఎజెకియల్ దివేకర్. ఆయన గురువు కాడు. ఈస్టిండియా కంపెనీ సైన్యములో పనిచేసినవాడు. కొచ్చినులో 1568 నాటి పరదేశి సమాజమందిరము ఇప్పటికిని చూడదగిన కట్టడమే. కాని కొచ్చిను యూదులలో అత్యధికులు 1950వ దశకములో ఇశ్రాయేలు దేశమునకు తరలిపోగా, పరదేశి సమాజమువారును తరువాత తరువాత పలుచబడిపోగా, యాత్రికులు వచ్చిననే తప్ప అక్కడ పదిమంది కూడుట కష్టమాయెను. వెండి దీపములున్నవి, నీలి పలకలు పరచిన నేల యున్నది, పదవ మనుష్యుడు లేడు.

ఇప్పుడు కొత్తరెడ్డిపాలెమునకు తిరిగి వత్తము. ఆ అన్నదమ్ములు చేసిన పని చిన్నది కాదు. ఏ మిషనును జీతమియ్యలేదు, ఏ రబ్బీయు మొదట తోడుగా లేడు. తామే హెబ్రీ నేర్చుకొని, పల్లెలోని పిల్లలకు ఆ అక్షరములు నేర్పిరి. శనివారము విశ్రమించుట వారి సమాజమునకు ఎంత భారమో పట్టణపు పాఠకునికి తెలియదు గాని మీకు తెలియును. మిరపకోతల కాలమున శనివారము కూలికి పోనివానికి ఆనాటి డబ్బు పోవును. మేస్త్రీ మరుసటి వారము వేరొకరిని పిలుచుకొనును. మన ఆదివారమునకే ఎన్ని సాకులు చెప్పుకొందుమో తలంచుకొని, ఆ తల్లులు, ఆ ముసలివారు శనివారము మందిరమున కూర్చుండుటను గౌరవింపవలెను. వారి మతము మనది కాదు. అయినను ఈ మాట చెప్పకపోవుట అన్యాయము.

కాని నా బాధయు ఇక్కడనే యున్నది. అన్న గ్రంథము వ్రాసెను, తమ్ముడు సమాజమును నడిపెను. పై దేశముల యూదులతో మాటలాడువారు, పరదేశులు వచ్చినప్పుడు ఎదుర్కొనువారు, హెబ్రీ బాగుగా ఎరిగినవారు, ముఖ్యముగా ఆ యొక్క కుటుంబమే. ఎవరును వారిని అభిషేకింపలేదు, ఎవరును ఎన్నుకొనలేదు. అక్షరము వారి యొద్ద నుండుటచేత అధికారమును వారి యొద్దనే నిలిచెను. ఇందులో దురాశ యున్నదని నేననను. ఆరంభించువాడు ఒక్కడే యుండుట సహజము. అయితే పదిమంది సమానముగా నిలువవలసిన చోట, ఒక యిల్లు పోయినయెడల చదువువాడు లేకపోవు స్థితి వచ్చిన, అది గురువు లేని సమాజమనుట ఎట్లు? గురువుపీఠము మరొక పేరుతో అక్కడనే యున్నది గదా. గ్రంథకర్తలు ఆ నాయకుల మాటలను శ్రద్ధగా వినిరి. ఆ వెనుక వరుసలో కూర్చున్న కూలి స్త్రీకి ఎన్ని అక్షరములు వచ్చునో, ఆమె కుమారుడు తప్పు దిద్దగలవాడాయెనో లేదో కూడ అంతే శ్రద్ధగా అడిగి పెద్ద అధ్యాయముగా వ్రాసియుండవలసినది.

షమూయేల్ యాకోబిగారు 2002లో ప్రచురించిన ‘ది కల్చరల్ హెర్మెన్యూటిక్స్’ అను గ్రంథమును గూర్చి ఒక్క మాట. ఎఫ్రాయిము గోత్రము అష్షూరు చెరనుండి పారసీకము, కాశ్మీరము మీదుగా దక్షిణమునకు వచ్చిన కథను ఆయన చెప్పుదురు. తెలుగు మాటలకు హెబ్రీ మాటలకు పోలిక చూపుదురు. రెండు భాషల మాటలు చెవికి ఒకటిగా వినబడుట చరిత్రకు ఆధారము కాదు. నేను దానిని నమ్మలేను. అయినను పదిమంది కూడి ప్రార్థించుటకు ఆ కథ ఋజువు కానక్కరలేదు గనుక దానిని ఇంతటితో విడిచెదను.

నేను ఇతరుల యింటి లెక్క చూచుచున్నానని మీరనుకొనవచ్చును. మా యింటి లెక్కయు చెప్పెదను. మా ఊరి దేవాలయపు తాళపుచెవి ముప్పది యేండ్లు ఒక్క యింటిలోనే యుండెను. ఆ పెద్దగారు దొంగ కాడు. ఆయన తండ్రి ఆ గోడలకు మట్టి మోసినవాడు. ఆయన వారమువారము ఊడ్పించి, దీపముండగా దీపము, కరెంటు వచ్చిన తరువాత బల్బులు తన డబ్బుతోనే తెచ్చిపెట్టెను. ఒక వేసవిలో ఆయన కంటి ఆపరేషనుకై నగరమునకు పోయి, మూడు ఆదివారములు రాలేదు. కోడలికి తాళపుచెవి చోటు తెలియదు. మేము వేపచెట్టు క్రింద కూర్చుంటిమి. అందులో కష్టమేమియు లేదు, గాలి బాగుగా వీచెను. కష్టమెక్కడ వచ్చెననగా, ఉపదేశియును లేని ఆ మూడు వారములలో వాక్యము చదువుడని అడిగినప్పుడు, నలువదిమందిలో లేచినవాడు లేడు. పదవ తరగతి చదివిన పడుచువారు నేల చూచిరి. చివరకు బడికిపోవు ఒక ఆడపిల్ల చదివెను. పేర్ల దగ్గర తడబడెను. దిద్దుటకు మాలో ఎవరికిని ధైర్యము లేకపోయెను, ఏలయనగా ఆ పేర్లు మాకును నిశ్చయముగా తెలియవు. పెద్దగారు తిరిగివచ్చి తలుపు తీసినప్పుడు మేము ఎంత సంతోషించితిమో తలంచుకొన్న ఇప్పటికిని సిగ్గగును.

మన సంఘములు ఇట్లు ఆరంభము కాలేదు. 1866లో తలకొండపాడు నుండి ఒంగోలు క్లౌదొరగారి యొద్దకు వచ్చిన ఎర్రగుంట్ల పేరయ్యగారు మాదిగ. జీతము పుచ్చుకొని సువార్త మొదలుపెట్టినవాడు కాడు. దొరగారు ఆ పల్లెలకు పోకమునుపే పేరయ్యగారు చెప్పియుండెను. 1878 జూలై 3న ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందుటకు వెనుక అట్టి పేరయ్యలు ఎంతోమంది నడచిన నడక యున్నది. అదే కులమునుండి, అటువంటి పల్లెలనుండియే, నూరేండ్లు గడచిన తరువాత కొందరు లేచి సమాజమందిరము కట్టుకొని వెళ్లిరి. వారు మన మధ్యనుండి ఎందుకు పోయిరో ఆ పుస్తకము కొంత చెప్పుచున్నది. మన చోట వారికి లేచి చదువుటకు అవకాశము దొరకెనా, వెనుక వరుసలోనే కూర్చుండబెట్టితిమా అను ప్రశ్న మాత్రము ఆ గ్రంథకర్తలు మనలను అడుగలేదు. అడిగియుండిన బాగుండెడిది.

ఆ పుస్తకము ముగించిన తరువాత, సుమారు క్రీ.శ. 200లో కూర్చబడిన యూదుల మిష్నాలోని ఒక నియమము నాకు జ్ఞాపకము వచ్చెను. బీదల ధర్మమును వసూలు చేయుటకు ఇద్దరికి తక్కువ పోరాదు, పంచుటకు ముగ్గురికి తక్కువ కూర్చుండరాదు. ఎవరును ఎవరిని అనుమానింప నక్కరలేని యేర్పాటిది. ఈ సంగతి మా పెద్దగారికి వారి అరుగు మీద కూర్చుండి చెప్పితిని. ఆపరేషను అయిన కన్ను తుడుచుకొనుచు చాలసేపు మాటలాడలేదు. తనను దొంగనుచున్నానేమో యనుకొనెనని నేను భయపడితిని. తరువాత ఆయన లోపలికి పోయి తాళపుచెవి తెచ్చి, “దీనికి రెండు నకళ్లు కొట్టించాలంటే చేబ్రోలు పోవాలా, మన సంతలో దొరుకుతాడా?” అని అడిగెను. సంత మంగళవారము.